యంత్రానికి పద్దు ఉంది, కాగితానికి లేదు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇచ్చిన విషయం ‘ఆసుపత్రులలో ఆధునిక సాంకేతిక పరిజ్ఞానం - నిధుల వినియోగం’. నిజానికి దీని మీద మాట్లాడడానికి ఒక డాక్టరుగారో, ఇంజనీరుగారో ఉండవలసింది. నేను వైద్య ఆరోగ్య శాఖలో గుమాస్తాగా చేరి, అకౌంట్సు సెక్షన్‌లో సర్వీసంతా గడిపి, సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. నాకు యంత్రాలు తెలియవు. యంత్రాల ఫైళ్ళు తెలుసు. ఆ తెలిసినంత మేరకే చెబుతాను.

ఇది ఉబుసుపోక చేసే ప్రసంగం కాదని మీ అందరికీ తెలుసు. స్వర్ణోత్సవ నిధి కింద మనమంతా వేసుకున్న చందాలు 3,20,000 రూపాయలకు చేరాయి. ఈ మొత్తంతో మన ఊరి ప్రభుత్వ ఆసుపత్రికి ఒక ఆధునిక పరికరం కొని బహూకరించాలని, దాని మీద మన సంఘం పేరు చెక్కించాలని ఒక తీర్మానం ఈ సాయంత్రం అజెండాలో ఐదో అంశంగా ఉంది. ఆ తీర్మానం మీద ఓటు వేసే ముందు రెండు సంగతులు మీ ముందు పెట్టాలని నా కోరిక. ఒకటి నా తప్పు. రెండోది మా ఇంట్లో జరిగింది.

ముందు నా తప్పు చెబుతాను. 1986లో ఒక తాలూకా ఆసుపత్రి నుంచి మా సెక్షన్‌కి ఒక కాగితం వచ్చింది. అంతకు నాలుగేళ్ళ క్రితం ప్లాన్ నిధులతో కొన్న ఎక్స్‌రే యంత్రంలో ట్యూబు కాలిపోయింది. కొత్త ట్యూబుకి 22,000 చిల్లర అవుతుందని కంపెనీవారి అంచనా జతచేసి, మంజూరు కోరుతూ అక్కడి డాక్టరుగారు రాశారు. ఆ కాగితం నా బల్ల మీదికే వచ్చింది. నేను రూల్సు బాగా చదువుకున్నవాణ్ణని అప్పట్లో నాకు కొంచెం గర్వం ఉండేది. నోట్ ఫైల్లో ఇలా రాశాను: “మరమ్మతుల నిమిత్తం ఈ పద్దు కింద కేటాయింపు లేదు. మూడు కొటేషన్లు జతపరచబడలేదు. తిప్పి పంపవచ్చును.” పైవారు సంతకం చేశారు. కాగితం తిరిగి వెళ్ళింది.

ఆ ట్యూబు తయారుచేసేది ఒక్క కంపెనీ. మూడు కొటేషన్లు ఎక్కడినుంచి వస్తాయి? డాక్టరుగారు ఆ సంగతే రాసి మళ్ళీ పంపారు. ఈసారి ఆర్థిక సంవత్సరం చివర కావడంతో వచ్చే ఏడాది చూద్దామన్నాం. మొత్తం మీద పదకొండు నెలలు ఆ గదికి తాళం పడింది. కాలో చెయ్యో విరిగినవాళ్ళు ఎక్స్‌రే కోసం బస్సెక్కి జిల్లా కేంద్రానికి వచ్చేవారు. ఒకరోజు ఆ డాక్టరుగారు మా ఆఫీసుకి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. కోప్పడలేదు. “మీరు రాసింది రూలేనండీ. ఈ నెలలో మా ఊళ్ళో ఎంతమంది కాళ్ళు విరగ్గొట్టుకున్నారో ఆ రూలుకి తెలియదు” అన్నారు. ఆయనకి కుర్చీ కూడా చూపించలేదు నేను. ఆ మాట నలభై ఏళ్ళుగా నాతోనే ఉంది.

ఇందులో నేను దుర్మార్గుణ్ణని కాదు గాని, ఏర్పాటే అలా ఉండేది. యంత్రం కొనడం ప్లాన్. దాన్ని నడపడం, బాగుచేయడం నాన్-ప్లాన్. ప్లాన్ డబ్బులు మార్చి 31 లోపు ఖర్చుపెట్టకపోతే లాప్స్ అవుతాయని తొందర. నాన్-ప్లాన్‌లో ప్రతి ఏటా కోత. అందువల్ల కొనడానికి ఉన్న ఉత్సాహం నడపడానికి ఉండేది కాదు. ఆ ప్లాన్, నాన్-ప్లాన్ విభజనను కేంద్ర బడ్జెట్లో 2017-18 నుంచి ఎత్తివేశారు. పద్దుల పేర్లు మారాయి. కొత్తది కొనడం మీద మోజు మాత్రం మారలేదు.

ఇప్పుడు రెండో సంగతి. 2019లో ఒక రాత్రి మా బావమరిదికి గుండెల్లో నొప్పి వచ్చింది. వాళ్ళ ఊరికి దగ్గరగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. కబురు తెలిసి మా ఆవిడా నేనూ వెళ్ళాం. అక్కడ ఇ.సి.జి. యంత్రం ఉంది. చక్కటి యంత్రం, ఒక దాత బహూకరించింది, ఆయన పేరు ఇత్తడి పలక మీద మెరుస్తోంది. డ్యూటీ డాక్టరు చిన్నవాడు, ఒంటి చేత్తో అన్నీ చూస్తున్నాడు, నిద్ర లేని మొహం. యంత్రానికి తీగలన్నీ తగిలించాక తెలిసింది, లోపల కాగితం చుట్ట అయిపోయిందని. స్టోరు తాళం ఫార్మసిస్టు దగ్గర ఉంది. ఆయన ఇంట్లో ఉన్నాడు. మా మేనల్లుడు మోటారు సైకిలు మీద వెళ్ళి, తెరిచి ఉన్న మందుల షాపు వెతికి, చుట్ట కొనుక్కొచ్చేసరికి నలభై నిమిషాలు అయింది. దాని ఖరీదు నూట యాభై రూపాయల లోపే.

మా బావమరిది మూడో రోజున పెద్ద ఆసుపత్రిలో పోయాడు. ఆ నలభై నిమిషాల వల్లే పోయాడని నేను అనను. అలా అనే చదువు నాకు లేదు. కాని ఆ రాత్రి ఆ వరండాలో కూర్చుని నేను ఆ ఇత్తడి పలకనే చూస్తూ ఉన్నాను. జీవితమంతా కాగితాల మధ్య బతికినవాణ్ణి. ఒక కాగితం చుట్ట కోసం అలా ఎదురుచూడడం ఇంకెప్పుడూ లేదు.

ఇది మా ఒక్కరి అనుభవమే అయితే ఇక్కడ చెప్పేవాణ్ణి కాదు. కేంద్ర ఆరోగ్య శాఖ కొన్నేళ్ళ క్రితం 29 రాష్ట్రాలలో ప్రభుత్వ ఆసుపత్రుల పరికరాలన్నిటినీ లెక్క రాయించింది. 29,115 ఆసుపత్రులు, కేంద్రాలలో 7,56,750 పరికరాలు తేలాయి. వాటి విలువ సుమారు 4,564 కోట్లు. రాష్ట్రాన్నిబట్టి వాటిలో నూటికి 13 నుంచి 34 దాకా పనిచేయడం లేదు. ఆ లెక్క చూశాకనే 2015లో పరికరాల నిర్వహణకు ఒక జాతీయ కార్యక్రమం పెట్టారు. జిల్లా ఆసుపత్రిలో పరికరాలు నూటికి 95 పాళ్ళ సమయం, సామాజిక ఆరోగ్య కేంద్రంలో 90, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 80 పాళ్ళ సమయం పనిచేస్తూ ఉండాలని షరతు రాశారు. నన్నడిగితే ఆ షరతు రాసినవాడు మంచి గుమాస్తా. ‘ఎన్ని కొన్నాం’ అని గాక ‘ఎంతసేపు పనిచేసింది’ అని అడిగాడు.

కోవిడ్ రోజులు మీకు గుర్తున్నాయి. 2020 మే నెలలో పి.ఎం.కేర్స్ నిధి నుంచి 50,000 వెంటిలేటర్లకు 2,000 కోట్లు కేటాయించారు. అంత త్వరగా మన దేశంలోనే అన్ని తయారుకావడం చిన్న విషయం కాదు, అది ఒప్పుకోవాలి. కాని మరుసటి ఏడాది రెండో విడత వచ్చినప్పుడు, కొన్ని రాష్ట్రాలలో అవి బిగించకుండా, నడిపే మనిషి లేక, పెట్టెల్లోనే ఉన్నాయని పత్రికలలో చదివాం. వెంటిలేటరు అంటే టేబులు ఫాను కాదు గదా, స్విచ్చి వేస్తే తిరగడానికి.

ఇంతవరకు విని, ఈయన కొత్త యంత్రాలకే వ్యతిరేకి అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. అలా కాదు. ఈ హాల్లో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవారు సగం మందికి తక్కువ ఉండరు. మన తాతలకు ఆ ఆపరేషన్ అయ్యాక ఏమిచ్చేవారు? సోడాబుడ్డి కళ్ళజోడు. అది పెట్టుకుంటే మెట్టు ఎక్కడుందో తెలిసేది కాదు, అది పగిలితే మళ్ళీ గుడ్డివాడే. కంటి లోపల అమర్చే లెన్సు వచ్చాక ఆ బాధ పోయింది. కాని ఆ లెన్సు విదేశాల నుంచి రావాలి, ఒక్కొక్కటి వంద డాలర్లకు అటూ ఇటూ ఉండేది. మధురైలో అరవింద్ కంటి ఆసుపత్రివారు 1992లో ఆరోల్యాబ్ అని సొంత ఫ్యాక్టరీ పెట్టి అదే లెన్సును పది డాలర్లలోపుకి తెచ్చారు. దానికి విదేశీ స్వచ్ఛంద సంస్థలు మొదట సహాయం చేశాయి. వారు లెన్సులు కొని పంచిపెట్టి వెళ్ళిపోలేదు. లెన్సు తయారుచేసే విద్యను ఇక్కడ నిలబెట్టడానికి డబ్బు పెట్టారు. ఆ తేడా గమనించండి.

ఇక్కడ ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఆ ఆసుపత్రి స్థాపించిన డాక్టర్ జి. వెంకటస్వామిగారు ప్రభుత్వ ఉద్యోగి. 58వ ఏట రిటైరైన మనిషి. 1976లో పదకొండు పడకలతో మొదలుపెట్టారు. కీళ్ళవాతంతో చేతివేళ్ళు వంకర్లు పోయినా ఆ వేళ్ళతోనే ఆపరేషన్లు చేశారు. రిటైరయ్యాక మనం చేసేది ఏముంటుంది అనేవారు మన సంఘంలో ఉన్నారు, వారి కోసం ఈ మాట.

తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థవారి గుండె కవాటం ఇంకో కథ. డాక్టర్ వలియాథన్‌గారి ఆధ్వర్యంలో 1970లలో మొదలైన ప్రయత్నం. మూడు నమూనాలు పనికిరాలేదు. నాలుగోది నిలబడింది. 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. తరువాత వేలాది మందికి, విదేశీ కవాటం కొనలేనివారికి, అది ప్రాణం పోసింది. ఈ మూడు వైఫల్యాల కాలంలోనూ డబ్బు పెడుతూ వచ్చింది ప్రభుత్వమే. ఆ ఫైలు ఒకవేళ నా బల్ల మీదికి వచ్చి ఉంటే, రెండో నమూనా విఫలమైన రోజునే ‘నిరర్థక వ్యయం’ అని ఆడిట్ అభ్యంతరం రాసేవాణ్ణేమో! కొత్తదానికి డబ్బిచ్చేవాడికి అంత ఓపిక కూడా ఉండాలి మరి. ఇప్పుడు ఢిల్లీలో బైరాక్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. 2012లో పెట్టారు. కొత్త ఆలోచన ఉన్నవారికి 18 నెలల పాటు 50 లక్షల వరకు గ్రాంటు ఇస్తుంది. విశాఖపట్నంలో వైద్య పరికరాల తయారీకే 270 ఎకరాలలో ఒక ప్రాంగణం వచ్చింది. సంతోషం.

మన హైదరాబాదు సంగతి చూడండి. అబ్దుల్ కలాంగారు క్షిపణుల పనిలో ఉండగా, నిమ్స్‌లో పోలియో పిల్లలు మూడు కిలోల ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం చూసి, క్షిపణికి వాడే తేలిక పదార్థంతో 300 గ్రాముల కాలిపరు చేయించారు. దానికి కొత్త పద్దు ఎవరూ తెరవలేదు. ఉన్న పదార్థాన్ని, ఉన్న మనుషులను ఆ పిల్లల వైపు తిప్పారు.

108 అంబులెన్సు కూడా ఇక్కడ పుట్టినదే, 2005 ఆగస్టు 15న. అంతకు ముందు అంబులెన్సులు లేవా? ఉన్నాయి, ఆసుపత్రి షెడ్లలో టైర్లు లేకుండా. 108 కొత్తదనం బండిలో లేదు. ఫోన్ ఎత్తే మనిషికి, డ్రైవరుకి, డీజిలుకి, బండిలో ఉండే ప్రథమ చికిత్స ఉద్యోగికి నెలనెలా డబ్బు వచ్చే ఏర్పాటులో ఉంది. మొదట పెట్టినవారి కంపెనీ 2009లో కుప్పకూలినా ఆ సేవ ఆగలేదంటే కారణం, నడిపే ఖర్చు చాలావరకు ప్రభుత్వ పద్దులోకి ఎక్కి ఉండడం, దాన్ని ఇంకొకరు అందుకోవడం.

గుండె నొప్పి విషయంలో కూడా మంచి ఏర్పాటు వచ్చింది. ఇప్పుడు మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ చిన్న ఆసుపత్రిలో తీసిన ఇ.సి.జి.ని అప్పటికప్పుడు పెద్ద ఆసుపత్రిలోని గుండె వైద్యునికి పంపి, ఆయన చూసి చెప్పగానే రక్తం గడ్డను కరిగించే ఖరీదైన ఇంజక్షన్ అక్కడికక్కడే ఉచితంగా ఇచ్చే పద్ధతి పెట్టారు. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. మా బావమరిది రోజులలో ఇది లేదు. వినగానే నా మనసుకి ఎంతో ఊరటగా అనిపించింది. వెంటనే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఆ ఇంజక్షన్, ఆ నిపుణుడు, ఆ ఇంటర్నెట్ అన్నీ ఆఖరికి ఆధారపడేది ఇ.సి.జి. తీయగలగడం మీద. ఛాతీకి పూసే జెల్లు ఉండాలి. తీగలు తెగిపోకుండా ఉండాలి. కరెంటు పోతే బ్యాటరీ పనిచేయాలి. కాగితం అవసరమైనచోట కాగితం ఉండాలి. వీటిలో ఏ ఒక్కటీ బహూకరించే వస్తువు కాదు. వీటి మీద ఎవరి పేరూ చెక్కరు.

ఇక మనలాంటివారికి రోజూ తగిలే బాధ, ఓ.పి. చీటీ క్యూ. దీనికి కూడా కొత్త పద్ధతులు వచ్చాయి. 2015లో జాతీయ స్థాయిలో ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ పెట్టారు. 2022లో ‘స్కాన్ అండ్ షేర్’ అని, గోడ మీది చదరపు గుర్తుకి ఫోన్ చూపిస్తే మన వివరాలు కౌంటరుకి చేరి టోకెన్ వచ్చే పద్ధతి మొదలైంది. దానికి 14 అంకెల ఆభా నంబరు ఉండాలి. ఈ విషయంలో ఒక పద్ధతి నాకు బాగా నచ్చింది. 2023 జనవరి నుంచి ఒక ప్రోత్సాహక పథకం కింద, కనీస సంఖ్య దాటాక ఆసుపత్రి నమోదుచేసిన ఒక్కొక్క డిజిటల్ రికార్డుకి ఇరవై రూపాయల చొప్పున ఇచ్చారు. అంటే కంప్యూటరు కొన్నందుకు కాదు, దానితో పనిచేసినందుకు డబ్బు. నా సర్వీసులో ఇలాంటి జి.ఓ. ఒక్కటీ చూడలేదు.

అయితే మొన్న నేను ఆసుపత్రికి వెళ్ళినప్పుడు చూసింది చెబుతాను. స్కాన్ చేసేవారి క్యూలో పాతికేళ్ళ కుర్రవాళ్ళు. పాత క్యూలో మనలాంటివాళ్ళు, పల్లెటూరి ఆడవాళ్ళు, ఎప్పటిలాగే గోడ చుట్టూ తిరిగి. ఒక పెద్దావిడని “ఫోన్ లేదా అమ్మా?” అని అడిగాను. “ఉంది బాబూ, నంబరు మా అబ్బాయి పేరు మీద ఉంది, ఓ.టి.పి. వాడికి పోతుంది, వాడు దుబాయిలో ఉన్నాడు” అంది. సౌకర్యం వచ్చింది, అవసరం ఉన్నవారి క్యూ మాత్రం తగ్గలేదు. అక్కడ లేనిది యంత్రం కాదు. పక్కన నిలబడి పది నిమిషాలు ఓపికగా చెప్పే మనిషి.

అందుచేత నా ప్రతిపాదన ఇది. 3,20,000లో 20,000 రూపాయలు విడిగా ఉంచి మిగతా మూడు లక్షలు బ్యాంకులో డిపాజిట్ చేద్దాం. ఏడు శాతం వడ్డీ వస్తుందనుకుంటే ఏడాదికి 21,000. వడ్డీ తగ్గితే ఖర్చు తగ్గించుకుందాం. ఆ వడ్డీతో అత్యవసర విభాగానికి ఇ.సి.జి. కాగితం చుట్టలు, జెల్లు, బి.పి. యంత్రం పట్టీలు, బ్యాటరీలు - ఇవి ఏనాడూ అయిపోకుండా చూద్దాం. డబ్బు చేతికివ్వకుండా ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ ద్వారా వస్తువే ఇద్దాం. స్టాకు రిజిస్టరులో ఎక్కిద్దాం. నెలకోసారి మనవారు ఇద్దరు వెళ్ళి రిజిస్టరు, అలమర రెండూ సరిచూడాలి. రాత్రిపూట తాళం ఎవరి దగ్గర ఉంటుందో అది కూడా రాయించాలి. సూపరింటెండెంటుగారితో నేను ముందుగా మాట్లాడాను. “ఇలాంటిది ఇస్తామని ఇంతవరకు ఎవరూ రాలేదండీ” అని ఆయన నవ్వారు.

విడిగా ఉంచిన 20,000తో రెండు స్మార్ట్ ఫోన్లు, ఒక బల్ల, రెండు కుర్చీలు కొందాం. వారానికి మూడు రోజులు, ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకు, ఓ.పి. కౌంటరు పక్కన మనవాళ్ళు ఇద్దరేసి కూర్చుని పెద్దవాళ్ళకు ఆభా నంబరు, టోకెన్ తీసుకోవడంలో సాయం చేద్దాం. ఓ.టి.పి. వాళ్ళ నోటితోనే చెప్పించుకోవాలి, ఆధార్ నంబరు మన దగ్గర ఎక్కడా రాసిపెట్టుకోకూడదు, ఈ జాగ్రత్త తప్పనిసరి. ఎక్కడ నొక్కాలో మనకే రాదంటారా? మా మనవరాలు నాకు ఒక ఆదివారం మధ్యాహ్నం నేర్పింది. మూడుసార్లు విసుక్కుంది గాని నేర్పింది. వచ్చే ఆదివారం మన సంఘం ఆఫీసులో మీకు కూడా నేర్పడానికి ఒప్పుకుంది.

కోశాధికారిగారికి ఒక అభ్యంతరం ఉందని తెలుసు. నిధి ఇచ్చినవారు పరికరం మీద మన పేరు చూడాలని ఆశపడ్డారు, వారికేం జవాబు చెప్పాలని. న్యాయమైన మాటే. ఆ బల్ల మీద మన సంఘం పేరు పెయింటు చేయిద్దాం. ఇత్తడి పలక వద్దని మాత్రం నా మనవి, కారణం మీకు చెప్పాను.

కొత్త పరికరమే కావాలని సభ్యులు ఎక్కువమంది తీర్మానిస్తే నేను అడ్డం చెప్పను. అప్పుడు కూడా కొనే ముందు అమ్మేవారిని ఈ సంగతులు రాతపూర్వకంగా అడగండి: వారంటీ అయ్యాక ఏడాదికి నిర్వహణ ఒప్పందానికి ఎంత, అందులో వాడే కాగితం, గొట్టాలు, సెన్సార్లు ఆ కంపెనీవే కొనాలా, బజారువి పనికొస్తాయా, ఫిర్యాదు చేస్తే ఎన్ని గంటల్లో మనిషి వస్తాడు. ఆసుపత్రివారిని, నడపడానికి శిక్షణ ఉన్న మనిషి ఎవరు, ఆయన బదిలీ అయితే తరువాత ఎవరు అని అడగండి. జవాబులు వచ్చాకనే చెక్కు రాయండి. మూడు కొటేషన్ల కోసం పట్టుబట్టకండి.

కౌంటరు దగ్గర కూర్చోవడానికి ఇష్టపడేవారి పేర్లు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం కార్యదర్శిగారి బల్ల మీద పెట్టాను. మొదటి పేరు నాది, సోమవారం. రెండో పేరు మా ఆవిడది. ఆ వరండాలో నా పక్కన కూర్చున్నది ఆవిడే, పోయినవాడు ఆవిడ తమ్ముడే. మిగతా గడులు ఖాళీగా ఉన్నాయి.